మీ డిక్కీలో మోగేది బాస్ కాదు బాబూ!

మొన్న శనివారం సాయంత్రం కూరగాయల సంచీ పట్టుకుని మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో లిఫ్ట్ కోసం నిలబడ్డాను. ర్యాంపు మీదనుంచి ఏదో దిగుతోంది. ముందు మోత వచ్చింది, తర్వాత కారు వచ్చింది. దుబ్... దుబ్... దుబ్... పైన డ్రైనేజీ పైపులు కూడా తాళం వేస్తున్నట్టు అనిపించింది. కారు ఆగింది. దిగింది మా పక్క బ్లాకు కుర్రాడు. మా కంపెనీయే, వేరే ప్రాజెక్టు. మొహం వెలిగిపోతోంది.

"అన్నా, పన్నెండు వందల వాట్లు. పొద్దున్నే పెట్టించా. బాస్ ఎలా ఉంది?"

"నంబర్ ప్లేటు చాలా శ్రావ్యంగా పాడుతోంది తమ్ముడూ" అన్నాను.

వాడు "ఊరుకో అన్నా" అని నవ్వేసి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఊరుకోలేకపోతున్నా. ఎందుకంటే మూడేళ్ళ క్రితం నేనూ అచ్చం వాడిలాగే ఇరవై ఏడు వేలు తగలేసి, అచ్చం అలాగే మొహం వెలిగించుకుని, దొరికిన ప్రతివాడినీ పట్టుకుని "బాస్ ఎలా ఉంది?" అని అడిగాను. అప్పుడు ఒక్కడైనా నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేదో! ఆ పుణ్యమేదో ఇవాళ నేను కట్టుకుందామని మొదలుపెట్టా. కాస్త గట్టిగానే మాట్లాడతాను, కోపం వస్తే మీరూ గట్టిగానే తిట్టుకోండి :)

నా గొడవ ఇది. మన కార్లలో బాస్ బాగోకపోతే, చాలాసార్లు దానికి కారణం సబ్ వూఫర్ చిన్నదవడమో, వాట్లు చాలకపోవడమో కాదు. డోరు రేకు, తిరగేసి కలిపిన వైరు, చేతికొచ్చినట్టు తిప్పేసిన గెయిన్, లెక్కాపత్రం లేకుండా కొట్టిన చెక్క డబ్బా. ఇవి సరిచేసే పని షాపువాడు చెయ్యడు, అందులో లాభం తక్కువ, చెమట ఎక్కువ. మనమూ అడగం. ఆఫీసులో ఒక పేజీ రెండు సెకన్లు లేటుగా తెరుచుకుంటే లాగులు తీసి, గ్రాఫులు గీసి, అర్ధరాత్రి కాల్లో పదిమందిని కూర్చోబెట్టి అసలు కారణం దొరికేదాకా వదలని మనమే, కార్ డెకార్ షాపులో అడుగుపెట్టగానే మెదడు బయట స్టాండులో పార్క్ చేసి వెళ్తాం. "బాస్ తక్కువుంది భయ్యా" అంటాం. "పెద్దది పెట్టేద్దాం సార్" అంటాడు. అయిపోయింది రిక్వైర్‌మెంట్ అనాలిసిస్. సర్వర్ స్లోగా ఉందంటే కోడ్ చూడకుండా ఇంకో పది సర్వర్లు కొనేవాణ్ణి మనం ఏమంటాం? ఆ మాటే ఇక్కడా అనుకోవాలి మరి.

ముందు ఆ వాట్ల సంగతి తేల్చేద్దాం. అసలు మోసమంతా అక్కడే మొదలవుతుంది.

స్టీరియో డబ్బా మీద "50 వాట్లు ఇంటూ 4" అని ఉంటుంది. ఈ 50 ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా? కారు నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 14.4 వోల్టులుంటాయి. స్పీకరు 4 ఓములు. 14.4ని వర్గం చేసి 4తో భాగించండి. 51.8. అదండీ మీ 50 వాట్లు! అంటే లోపలి ఆంప్లిఫయరుని పూర్తిగా చితక్కొట్టి, పాటకి బదులు చదరపు అల బయటికి తోస్తే కాగితం మీద వచ్చే అంకె అది. నున్నటి సైన్ అల అయితే దాంట్లో సగం, 26 లోపే. లోపలి నష్టాలు పోను శుభ్రంగా వచ్చేది పద్దెనిమిదో ఇరవయ్యో. ఇది ఏ కంపెనీ ప్రతిభ మీదా ఆధారపడదు. లోపల వోల్టేజి పెంచే ప్రత్యేకమైన సర్క్యూటు లేనంతవరకూ ఓమ్ గారి సూత్రం ఎవరికీ డిస్కౌంట్ ఇవ్వదు. ఇంటర్లో చదువుకున్నాం, ఎంసెట్‌లో రాశాం, మర్చిపోయాం.

ఇంకో తేలిక పరీక్ష కూడా ఉంది. ఫ్యూజు చూడండి. స్టీరియో వెనకాల మామూలుగా ఉండేది 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజు. 15ని 14.4తో గుణిస్తే 216 వాట్లు, అదీ లోపలికి పోయేది. అందులో వేడిగా పోయేది పోగా 200 వాట్లు ఏకధాటిగా బయటికెలా వస్తాయి? మా కుర్రాడి పన్నెండు వందల వాట్ల ఆంప్ కూడా అంతే. సోమవారం వాడి డిక్కీలో తల పెట్టి చూశాను, 30 ఆంపియర్ల ఫ్యూజు. అంటే లోపలికే సుమారు 430 వాట్లు మించి పోవు. పాత పద్ధతి ఆంప్ కాబట్టి బయటికొచ్చేది మహా అయితే 250. మిగతా 950 వాట్లూ స్టిక్కర్లో ఉన్నాయి.

అమెరికా వాళ్ళు 2003లో దీనికో కొలత పెట్టారు. 14.4 వోల్టుల దగ్గర, 4 ఓముల మీద, ఒక్క శాతానికి మించని వక్రీకరణతో ఎన్ని వాట్లొస్తే అన్నే రాయాలి అని. అప్పట్లో దాన్ని సి.ఇ.ఎ. 2006 అనేవారు, ఇప్పుడు సి.టి.ఎ. 2006 అంటున్నారు. 2006 అనేది సంవత్సరం కాదు, ప్రమాణం నంబరు. డబ్బా మీద ఆ ముక్క ఉంటే, లేదా కనీసం ఆర్.ఎం.ఎస్. అని ఉంటే ఆ అంకె చూడండి. "మ్యాక్స్", "పీక్" అని ఉంటే దాన్ని మన అప్రైజల్లో మేనేజర్ ఇచ్చే హామీ కింద లెక్కేసుకోండి.

పోనీ వాట్లు నిజమే అనుకుందాం. రెట్టింపు వాట్లు పెడితే పెరిగేది 3 డెసిబెళ్ళు. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్ళు కావాలి, అంటే పదిరెట్లు వాట్లు. మీరు మూడొందల వాట్ల ఆంప్ తీసేసి ఆరొందలది పెడితే డబ్బులు రెట్టింపవుతాయి, మోత కొద్దిగా పెరుగుతుంది. అదే పదో వంతు ఖర్చుతో డోర్లు సరిచేసుకుంటే దానికన్నా ఎక్కువ వస్తుంది. ఇది నేను నమ్మడానికి కారణం మా నాన్న.

మా నాన్న రిటైరైన స్కూలు మాస్టారు. మా ఊరి రామాలయంలో ముప్ఫై ఏళ్ళపాటు భజనలో డోలక్ వాయించాడు. నా కారులో సబ్ వూఫర్ పెట్టించిన కొత్తలో ఆయన హైదరాబాద్ వచ్చాడు. ముందు సీట్లో కూర్చోబెట్టి, ఏసీ వేసి, ఆయనకిష్టమైన భజన కీర్తనొకటి పెట్టాను. మధ్యమధ్యలో ఓరకంట చూస్తున్నా, ఎప్పుడు మెచ్చుకుంటాడా అని. రెండు చరణాలయ్యాక మెల్లిగా అడిగాడు.

"ఒరే, ఇందులో డోలక్ వాయించినాయన ఎడమ చెయ్యి ఏదిరా?"

"అదే కద నాన్నా, దుబ్ దుబ్మని!"

"అది అందరికీ ఒకేలా వస్తోందిగా. ఇందాకటి సినిమా పాటకీ అదే, దీనికీ అదే. ఎడమ చేత్తో మణికట్టు ఆనించి జారిస్తే శబ్దం వంగుతుంది చూడు, గుమ్... అని, అది లేదు. ఎవరో గుమ్మం మీద గుద్దుతున్నట్టుంది."

నాకు అప్పుడు కోపమొచ్చింది. ఆయనకి వయసైపోయింది, చెవులు వినపడట్లేదనుకున్నా (ఛీ, నేనూ ఒక మనిషినే!). రాత్రి పడుకున్నాక అర్థమైంది, ఆయన చెప్పింది అక్షరాలా నిజమని. నా డిక్కీలో ఉన్నది ఒకే ఒక్క స్వరం పలికే వాయిద్యం. నాలుగు తీగల బాస్ గిటార్లో అన్నిటికన్నా కింది స్వరం 41 హెర్ట్జ్. అక్కణ్ణుంచి పైకి ఒక్కొక్క స్వరం ఒక్కో మెట్టులా ఎక్కుతుంది. ఇళయరాజా పాటల్లో బాస్ గిటార్ పల్లవి కిందే ఇంకో పల్లవి పాడుకుంటూ పోతుంది, రెహ్మాన్ పాటల్లో కీత్ పీటర్స్ వేళ్ళు ఏం చేస్తున్నాయో విడిగా విని ఆనందించేవాళ్ళున్నారు. నా కారులో మాత్రం రాజా అయినా, రెహ్మాన్ అయినా, గుడి భజనయినా, 60, 70 హెర్ట్జ్ దగ్గర ఒకటే బండ మోత. మిగతా స్వరాలన్నీ గల్లంతు. పాటలో సగం డబ్బులిచ్చి మరీ చంపుకున్నానన్నమాట.

ఎందుకలా? కారు లోపల పొడవు సుమారు రెండున్నర మీటర్లనుకోండి. ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు. దాన్ని రెండున్నరకి రెట్టింపైన 5తో భాగిస్తే 68.6. అంటే 68 హెర్ట్జ్ చుట్టుపక్కల కారు తనంతట తనే మోగుతుంది, ఖాళీ బిందెలో పాడినట్టు. దానికి తోడు షాపువాడు తయారుగా పెట్టుకున్న గొట్టం ఉన్న డబ్బా కూడా అక్కడికి దగ్గర్లోనే మోగేది. రెండూ కలిసి ఒకే చోట పోటీ పడి అరుస్తున్నాయి. షాపులో ఒక్క పాట వినిపించినప్పుడు అదే "అబ్బో" అనిపిస్తుంది. కొనిపించేదీ అదే, నెల తిరిగేసరికి తలనొప్పి తెప్పించేదీ అదే.

సరే, ఏం చేశానో చెప్తా. వరస చూడండి, డబ్బు ఖర్చు లేనిదానితో మొదలుపెట్టా.

మొదట ఒకటిన్నర వోల్టుల గోడగడియారం బ్యాటరీ తీసుకున్నా. ముందు డోర్ల వూఫర్ల వైర్లు స్టీరియో వైపునుంచి విప్పి, బ్యాటరీ ప్లస్సుని ప్లస్సుకీ, మైనస్సుని మైనస్సుకీ అర సెకను తాకించి చూశా. కోన్ బయటికి రావాలి. కుడి డోరుది బయటికొచ్చింది. ఎడమ డోరుది లోపలికి పోయింది! ఎడమవైపు వైర్లు తిరగేసి కలిపాడు మహానుభావుడు. అంటే ఒక స్పీకరు గాలిని నెడుతుంటే ఇంకొకటి లాగుతోంది. పై స్వరాల్లో ఇది అంతగా తెలీదు. కింది స్వరాల్లో అలలు మీటర్ల పొడవుంటాయి, 50 హెర్ట్జ్‌కి దాదాపు ఏడు మీటర్లు. కాబట్టి రెండు డోర్లూ ఒకదాన్నొకటి తినేస్తాయి. ఈ నష్టం పూడ్చడానికే నేను సబ్ వూఫర్ కొన్నా. వైరు మార్చడానికి పట్టింది నాలుగు నిమిషాలు. ఖర్చు సున్నా. ఆ నాలుగు నిమిషాల తర్వాత కార్లో కూర్చుని, సబ్ ఆపేసి పాట పెడితే నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

రెండోది డోర్లు. ఇంట్లో స్పీకరుకి డబ్బా ఎందుకుంటుంది? కోన్ ముందుకెళ్ళినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. వెనకది ముందుకొచ్చి కలిసిపోతే బాస్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. కారులో ఆ డబ్బా పని చెయ్యాల్సింది డోరే. డోరు లోపలి అట్ట తీసి చూస్తే ఏముంటుంది? రేకులో పిడికిలి దూరేంత కంతలు, వాటిమీద పల్చటి ప్లాస్టిక్ కాయితం. చిల్లుల కుండలో నీళ్ళు పోస్తూ కుళాయి పెద్దది పెట్టించమనడం లాంటిది మన సబ్ వూఫర్ వ్యవహారం. బ్యుటైల్ రబ్బరు మీద అల్యూమినియం అంటించిన షీట్లు దొరుకుతాయి. ఒక పొర బయటి రేకుకి లోపలివైపు, రేకు కొడితే డబ్బా శబ్దం పోయి దిమ్మ శబ్దం వచ్చేదాకా. మొత్తం కప్పక్కర్లేదు. ఇంకో పొర లోపలి రేకు కంతలన్నిటికీ మూతలా. నేను ముందు రెండు డోర్లకే వేసుకున్నా, ఒక ఆదివారం పోయింది, మూడు వేల చిల్లర ఖర్చయింది, గోళ్ళ కింద జిగురు వారం రోజులు పోలేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు, ఇవి షాపులో చెప్పరు. డోరు అడుగున వాననీళ్ళు బయటికి పోయే చిన్న కంతలుంటాయి. ఉత్సాహంలో వాటిని కూడా మూసేస్తే రెండు వానాకాలాల్లో డోరు తుప్పు పట్టిపోతుంది. రెండోది, చవగ్గా వస్తున్నాయని తారు షీట్లు వేయించుకోకండి. మన బెజవాడ ఎండకి కారు బయట పెడితే అది కరిగి కిందికి జారుతుంది, కారంతా కొత్తగా వేసిన రోడ్డు కంపు.

మూడోది డబ్బా. దీని గురించి మాట్లాడితే నాకు ఆవేశం ఆగదు. సబ్ వూఫర్ డబ్బా ఎంత ఉండాలనేది వడ్రంగి ఇష్టం కాదండీ బాబూ! ఎడ్గార్ విల్చర్ అనే అమెరికన్ 1954లోనే మూసిన డబ్బాలోని గాలినే స్ప్రింగులా వాడుకోవచ్చని చేసి చూపించాడు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో గొట్టం ఉన్న డబ్బాల లెక్కలు ప్రచురించాడు. 1970లలో రిచర్డ్ స్మాల్ వాటిని పూర్తి చేశాడు. ఆ ఇద్దరి పేర్లమీదే ఇవాళ ప్రతి మంచి వూఫర్ కాగితంలోనూ థీల్ స్మాల్ అంకెలుంటాయి. ఏ వూఫర్‌కి ఎన్ని లీటర్ల డబ్బా కావాలో వాటినుంచి అయిదు నిమిషాల్లో తేలిపోతుంది, ఉచితంగా లెక్కకట్టే ప్రోగ్రాములున్నాయి. అరవై ఏళ్ళ కిందటి లెక్క. అయినా మన షాపుల్లో పది అంగుళాల దానికీ పన్నెండు అంగుళాల దానికీ ఒకే డబ్బా, పైన ఎర్ర కార్పెట్, లోపల నీలం లైటు. డాక్యుమెంటేషన్ చదవకుండా కాపీ పేస్ట్ చేసినవాణ్ణి కోడ్ రివ్యూలో ఉతికి ఆరేసే మనం, డిక్కీలో అదే కాపీ పేస్ట్‌కి టిప్పు కూడా ఇచ్చి వస్తాం.

గొట్టం డబ్బా చెడ్డదని నేననను. సరిగ్గా లెక్కేసి కట్టినది అద్భుతంగా ఉంటుంది. కానీ అది ట్యూన్ చేసిన చోటుకి కింద అష్టకానికి 24 డెసిబెళ్ళ చొప్పున జారిపోతుంది, పైగా అక్కడ కోన్‌కి పట్టు ఉండదు, విచ్చలవిడిగా ఊగుతుంది. మూసిన డబ్బా 12 చొప్పున మెల్లిగా జారుతుంది. చిన్న కారులో ఒక వరం ఉంది. అల సగం పొడవు కారు పొడవుకన్నా ఎక్కువైన దగ్గర్నుంచి కిందికి పోయేకొద్దీ లోపల ఒత్తిడి తనంతట తనే పెరుగుతుంది, లెక్క ప్రకారం అష్టకానికి 12 దాకా. డబ్బా జారినంతా కారు ఎత్తుతుంది. లెక్కలో ఉన్నంత పూర్తిగా రాదు గానీ, చాలా వరకు వస్తుంది. అందుకే మూసిన డబ్బాలో పెట్టిన పది అంగుళాల మామూలు సబ్ హ్యాచ్‌బ్యాక్‌లో అంత లోతుగా వినిపిస్తుంది. నేను పాత డబ్బా తీసేసి, లెక్క ప్రకారం లీటర్లు రాసిచ్చి, మా వీధి చివర కార్పెంటర్ చేత మూసిన డబ్బా కొట్టించా. ఆయన "గొట్టం మర్చిపోయారు సార్" అని రెండుసార్లు గుర్తుచేశాడు :)

ఇహ గెయిన్. ఆంప్ మీద ఆ చిన్న మీటను వాల్యూం అనుకుని చివరిదాకా తిప్పేవాళ్ళు నూటికెంతమందో లెక్క నా దగ్గర లేదు గానీ, నేను చూసిన కార్లలో మాత్రం అందరూ తిప్పినవాళ్ళే. అది వాల్యూం కాదు. స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కీ, ఆంప్ తీసుకోగలిగినదానికీ జత కుదిర్చేది. ఎక్కువ తిప్పితే అల తల తెగిపోతుంది, వేడి కాయిల్లోకి పోతుంది, ఒకరోజు వూఫర్‌లోంచి కాలిన వాసన వస్తుంది. కోఠీ గుజరాతీ గల్లీకి పోయి ఒక మామూలు మల్టీమీటరు కొనుక్కోండి. ఆంప్‌నుంచి స్పీకరు వైర్లు విప్పి, ఈక్వలైజరు సున్నాలో పెట్టి, బాస్ బూస్ట్ ఆపి, స్టీరియో వాల్యూం ముప్పావు వంతు దగ్గర 50 హెర్ట్జ్ టోన్ వెయ్యండి. వాట్లని ఓములతో గుణించి వర్గమూలం తీస్తే రావాల్సిన వోల్టులు. 250 వాట్లు, 4 ఓములైతే 31.6. మీటరు ఆ అంకె చూపించేదాకా మీట తిప్పి ఆపెయ్యండి. ఇక్కడ వాట్లంటే నిజం వాట్లు, స్టిక్కర్ వాట్లు వేస్తే నా పూచీ లేదు. అల తల తెగుతోందా లేదా అనేది మల్టీమీటరు చూపించదు కాబట్టి ఒక వోల్టు తక్కువలో ఆపడం మేలు.

తర్వాత క్రాసోవర్. ముందు స్పీకర్లకి 80 హెర్ట్జ్ కిందవి పోనివ్వొద్దు, సబ్‌కి 80 పైనవి పోనివ్వొద్దు. ఈ ఒక్క సెట్టింగ్ ఇప్పుడొచ్చే చాలా స్టీరియోల్లో ఉచితంగానే ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. అది పెట్టాక డోర్ల అట్టలు వణకడం సగం తగ్గింది, గొంతులు తేటపడ్డాయి. సబ్ ఫేజ్ మీట సున్నాలో ఒకసారి, 180లో ఒకసారి పెట్టి డ్రైవరు సీట్లో కూర్చుని వినండి. ఎందులో బాస్ నిండుగా ఉండి డిక్కీలోంచి కాకుండా ముందునుంచి వస్తున్నట్టుందో అది ఉంచండి. టైం డిలే ఉన్న స్టీరియో అయితే ఇంకా మంచిది, 34 సెంటీమీటర్ల తేడాకి ఒక మిల్లీసెకను.

"నాకా దుబ్ దుబ్బే ఇష్టం, నీకేంటి నొప్పి?" అనేవాళ్ళుంటారు. ఉండండి, తీన్మార్‌కి ఊగిపోయేవాణ్ణి నేనూను. కానీ తీన్మార్ దరువులో మజా దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండే ఖాళీలో ఉంది. ఆ ఖాళీని కూడా మోతతో నింపేస్తే దరువెక్కడిది? ఒక మాట ఒప్పుకుంటా. రోడ్డు మీద టైర్ల రొద, గాలి రొద కింది స్వరాలనే ఎక్కువ మింగుతాయి, కాబట్టి ఆగి ఉన్నప్పుడు కాస్త ఎక్కువనిపించే బాసే నడిచేటప్పుడు సరిపోతుంది. అంచేత సబ్ లెవెల్ కాస్త ఎక్కువ పెట్టుకోవడంలో తప్పు లేదు. సెల్లార్లోకి దిగేటప్పుడు తగ్గించుకోవడంలో కూడా తప్పు లేదు.

ఇప్పటిదాకా చెప్పింది డబ్బు, రుచి సంగతి. ఇది కాదు నన్ను ఇంతసేపు రాయించింది.

ఆ పాత ఫిట్టింగ్ ఉండగానే ఒకసారి నాన్నని ఊళ్ళో దింపడానికి అందరం బయల్దేరాం. నేను, నాన్న ముందు. వెనక మా ఆవిడ, అప్పటికి ఎనిమిది నెలల పాప. సూర్యాపేట దాటాక మా ఆవిడ "ఏదో కాలుతున్న వాసన వస్తోందండీ" అంది. బయట ఎవరో చెత్త తగలబెడుతున్నారేమోలే అన్నాను. రెండు కిలోమీటర్లు పోయాక నాన్న "పక్కకి ఆపరా" అన్నాడు, ఆపాను. బానెట్ తీస్తే బ్యాటరీ ప్లస్ దగ్గర ఆంప్ వైరు తొడుగు మెత్తబడి బబుల్ గమ్‌లా వేలాడుతోంది. మెలితిప్పి క్లాంపు కింద దోపాడంతే, వదులై వేడెక్కింది. ఆ వైరు ఇంజనుకీ కేబినుకీ మధ్య రేకులో కంత చేసి లోపలికి తీశారు. కంతకి రబ్బరు వాషరు లేదు. రేకు అంచుకి రాసుకుని రాసుకుని తొడుగు కోసుకుపోయి లోపలి తీగ మెరుస్తోంది. రేకంటే కారు బాడీ, బాడీ అంటే బ్యాటరీ మైనస్. ఇంకొక్క గుంత చాలు. బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉందా? లేదు. ఫ్యూజు ఎక్కడో డిక్కీలో ఆంప్ లోపల ఉంది. మధ్యలో నాలుగైదు మీటర్ల వైరుకి రక్షణే లేదు. షార్ట్ అయితే కారు బ్యాటరీ వందల ఆంపియర్లు తోసేస్తుంది. ఆ వైరు పోయేది పాప సీటు కిందనుంచి.

చేతులు వణుకుతూనే పాన పెట్టి బ్యాటరీ మైనస్ ఊడదీశా. నాన్న పాపని ఎత్తుకుని రోడ్డు పక్క వేపచెట్టు కింద నిలబడ్డాడు, ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

తర్వాత ఆ వైరు కోసి చూస్తే రాగి కూడా కాదు, అల్యూమినియం మీద రాగి పూత. అల్యూమినియం విద్యుత్తుని రాగిలో అరవై శాతమే మోస్తుంది, అదే మందం వైరు ఎక్కువ వేడెక్కుతుంది. షాపుకెళ్ళి అడిగితే, "అందరికీ అలాగే వేస్తాం సార్, ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదు" అన్నాడు. ప్రొడక్షన్లో పగిలిందాకా బగ్ కాదన్నమాట. వాణ్ణి అని ఏం లాభం, బిల్లు మీద సంతకం పెట్టి కారు తీసుకొచ్చిన ఎలక్ట్రానిక్స్ ఇంజినీరుని నేను. నాలుగేళ్ళు ఫీజు కట్టి చదువుకున్నవాణ్ణి, "ఫ్యూజు ఎక్కడుంది?" అన్న ఒక్క ప్రశ్న అడగలేదు. మీరు ఇవాళే బానెట్ ఎత్తి చూడండి. బ్యాటరీనుంచి మూరెడు లోపు ఫ్యూజు లేకపోతే, అది పెట్టించేదాకా ఆ వైరు ఊడదీసి ఉంచండి. పాటలు ఎక్కడికీ పోవు.

ఇక పక్కింటివాళ్ళ సంగతి. మన శబ్దకాలుష్య నియమాలు 2000 సంవత్సరంలో వచ్చాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు. కానీ ఆ కొలత మనిషి చెవికి దగ్గరగా ఉండాలని కింది స్వరాలని తగ్గించి చూపించే పద్ధతిలో కొలుస్తారు. 50 హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు 30 డెసిబెళ్ళు. అంటే 80 డెసిబెళ్ళ దుబ్ దుబ్ మీటరు మీద 50గా కనపడుతుంది. పగటిపూట కేసే లేదు! గోడలు మాత్రం పై స్వరాలని ఆపినట్టు కింది స్వరాలని ఆపలేవు. మొదటి అంతస్తులో నిద్రపోయే ముసలావిడకి పాట వినపడదు, పల్లవి వినపడదు, గుండెల మీద ఆ గుద్దు ఒక్కటే చేరుతుంది. చట్టం మీటరు మన పక్షాన ఉంది కదా అని ఆవిణ్ణి రోజూ రాత్రి పదకొండింటికి లేపడం మగతనమా, బాసా?

నిన్న ఆదివారం మా కుర్రాడు తనే వచ్చాడు. "అన్నా, ఆ గడియారం బ్యాటరీ ఉందా?" అని. ఫ్యూజు మాట చెప్పి ముందు బానెట్ తీయించా, బ్యాటరీ దగ్గర లేదు. ఆంప్ వైరు ఊడదీసి టేపు చుట్టాం. తర్వాత డోర్లు పరీక్షించాం, వాడిది కూడా ఒకవైపు తిరగబడే ఉంది, ఈసారి కుడిది. మార్చి, సబ్ లేకుండానే పాట పెట్టాం. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత డిక్కీ తెరిచి ఆంప్ వంక చూస్తూ అడిగాడు.

"అన్నా, మరి ఈ పన్నెండు వందల వాట్ల స్టిక్కర్ ఏం చెయ్యను?"

"ఫ్రిజ్ మీద అంటించుకో" అన్నా. ఫ్యూజు కోసం వచ్చే శనివారం ఇద్దరం రాణీగంజ్ వెళ్తున్నాం.